నాయినమ్మ కుండ, గ్యారేజీలో కెగ్గు (మా వాడ ముచ్చట్లు – 14)

అమెరికాలో కూడా ఒకప్పుడు ఇంట్లో బీరు చేసుకోవడం నేరమే. 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంటి వైనుకు దారి దొరికింది గానీ బీరును వదిలేశారు. 1978 అక్టోబరులో కార్టర్ సంతకం పెట్టాకే ఫెడరల్ చట్టం మారింది. ఇంట్లో వయసొచ్చినవాళ్లు ఒక్కరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ముగ్గురుంటే 200. అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ అయితే 2013 దాకా ఒప్పుకోలేదు.

నేనక్కడ చదువుకునేటప్పుడు ఒక తెలుగు మిత్రుడు గ్యారేజీలో బీరు చేసేవాడు. పెద్దకులపోడే, మంచోడే. పులవడం పూర్తయిన బీరును కెగ్గులో నింపేటప్పుడు నన్ను పిలిచేవాడు. కెగ్గంటే ఒకప్పుడు కూల్‌డ్రింకు కంపెనీలు వాడిన స్టీలు క్యాను, 19 లీటర్లది. "ముందు కడుగుడే అన్నా, సగం పని అదే" అనేవాడు. కడిగి, క్రిమిసంహారక నీళ్లు తిప్పి, పైపుతో అడుగు నుంచి చప్పుడు లేకుండా నింపాలి. ఎత్తు నుంచి పోస్తే గాలి కలిసి, తర్వాత తడిసిన అట్టముక్క వాసనొస్తుంది. మూత బిగించి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తగిలించి, పైన మిగిలిన గాలిని రెండు మూడుసార్లు వదిలేయాలి. అతుకుల మీద సబ్బునీళ్లు పూసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. ఎక్కడన్నా లీకుంటే తెల్లారేసరికి సిలిండర్ ఖాళీ. ఇక ఫ్రిజ్‌లో 3 డిగ్రీల చలిలో, 10–12 పీఎస్ఐ ఒత్తిడి మీద పది రోజులు వదిలేయడమే. చల్లగా ఉంటేనే గ్యాసు బాగా కరుగుతుంది. తొందరపడి 30 పెట్టి క్యానును ఊపేవాళ్లూ ఉన్నారు, చాలాసార్లు గ్లాసు నిండా నురగే మిగులుతుంది.

పులవడం ఆగిందో లేదో చూడటానికి అతని దగ్గర హైడ్రోమీటరు ఉండేది. రెండు మూడు రోజులు ఒకే అంకె వస్తే అయిపోయినట్టు. మా నాయినమ్మ కుండకు చెవి పెట్టేది. బెల్లం నీళ్ల బుసబుస ఆగిందంటే బట్టీకి సిద్ధం. ఈ మాట చెబితే అతను నవ్వలేదు. "ఎన్ని రోజులకు ఆగేదన్నా?" అని అడిగాడు. అతన్ని మిత్రుడంటున్నది అందుకే.

కానీ అతని గ్యారేజీ హాబీ. మా నాయినమ్మ కుండ కేసు. ఒక పొద్దున జీపులో వచ్చినోళ్లు కుండలు పగలగొట్టి ఆమెను ఎక్కించుకుపోయారు. ముందురోజు రాత్రి మా వాడకొచ్చి తాగిపోయిన ఊరి పెద్దలు అరుగుల మీద కూర్చుని చూశారు. మా ఇంట్లో మంచినీళ్లు ముట్టరు, గుడుంబా గ్లాసుకు మాత్రం అంటు లేదు.

రెండూ ఒకటేనని నేననను. బీరు పులియబెట్టేది, గుడుంబా కాచేది. ఆ 1978 చట్టం కూడా బట్టీ జోలికి పోలేదు. అయితే మన 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా బీరు చేసినా నేరమే. హైదరాబాదులో మైక్రోబ్రూవరీ పెట్టగలిగినోడికి ఆ లైసెన్సు దొరుకుతుంది. అమ్ముకుంటే తప్ప పొయ్యి వెలగని ఇంటికి హాబీ ఎక్కడిది? హాస్టల్లో ప్రయత్నిద్దామనుకునే తమ్ముళ్లకు చెబుతున్నా, వద్దు. రూములో నలుగురుంటే ఎవరి పేరు ముందు రాస్తారో మీకు తెలుసు.

తాగుడు మా ఇళ్లను తిన్నదీ నిజమే. 1992లో దూబగుంట అక్కలు సారా దుకాణం మీదికి ఎందుకెళ్లారో వచ్చే భాగంలో రాస్తా. జై భీమ్.