వెలుగుకర్రతో విమానప్రయాణం

ఆవకాయ గురించి మా ఇంట్లో తెలియని చట్టం లేదు. 2023 మే నెలలో సిడ్నీ ప్రయాణం నిశ్చయమైన నాటినుంచీ మా ఆవిడ అడగని మనిషి లేడు. ఎదురింటివారి అల్లుడు మెల్బోర్నులో ఉంటాడు, అతనికి ఫోను. పక్కవీధి డాక్టరుగారి కోడలు ఆ మధ్యనే వెళ్లివచ్చింది, ఆవిడ దగ్గరికి రాయబారం. తిండివస్తువు ఏది ఉన్నా కార్డులో వ్రాసి చూపించి తీరాలని ఒకరు, చూపిస్తే మూత తీసి వాసన చూస్తారని ఒకరు. పరాయివాళ్లు వాసన చూసిన ఆవకాయ మనుమడికి ఎలా పెట్టను అని మా ఆవిడ జాడీని చెల్లెలి ఇంట దిగవిడిచి నిశ్చింతగా విమానం ఎక్కింది.

నా సంచిలో ఉన్న పచ్చ లేజరు సంగతి మాత్రం ఎవరినీ ఒక్కమాట అడగలేదు. అడగవలసిన వస్తువన్న ధ్యాసే నాకు కలగలేదు.

అది జానెడు పొడుగున్న నల్లటి గొట్టం. నేను గన్నవరానికి దగ్గరలో ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు పంతులుగా చేసి రిటైరయినప్పుడు, ఆఖరి తరగతి పిల్లలు తలా కాస్త వేసుకుని కొనిచ్చారు. మీట నొక్కితే పచ్చటి గీత ఆకాశంలోకి లేచి నక్షత్రాన్ని తాకినట్టే కనిపిస్తుంది. రిటైరయిన తరువాత కూడా వేసవి రాత్రులు బడి డాబామీదికి పిల్లలను పోగేసి, "అదుగో స్వాతి, ఇదుగో చిత్త" అని దానితో చూపించేవాణ్ణి. పిల్లలు దానికి వెలుగుకర్ర అని పేరు పెట్టారు. సిడ్నీలో ఉన్న ఎనిమిదేళ్ల మనుమడికి ఈ సంగతి ఎలాగో తెలిసింది. "తాతయ్యా, ఇక్కడ స్టార్సు వేరేగా ఉంటాయిట. నీ వెలుగుకర్ర తెస్తావా?" అని ఫోనులో అడిగాడు. తెస్తానన్నాను. తాతలు మాట ఇవ్వడానికి ఆలోచిస్తారా?

హైదరాబాదులో సామాను తూచే చోట ఒక అమ్మాయి, పెట్టెలో విడి బ్యాటరీలు ఏవైనా ఉన్నాయా అని అడిగింది. లేజరుకు వేసే లిథియం సెల్లులు రెండు ఉన్నాయి. వాటిని తీయించి చేతిసంచిలో పెట్టుకోమన్నది. ఇది సబబైన నియమమే. విడి లిథియం సెల్లు ఎక్కడైనా కొసలు తగులుకుని అంటుకుంటే, కింద సామాను గదిలో ఎవరూ చేరలేరు. పైన మనుషుల మధ్య అయితే సిబ్బంది ఆర్పగలరు. సెల్లులతోపాటు లేజరునూ చేతిసంచిలోకి మార్చాను. తనిఖీ దగ్గర జవాను గొట్టాన్ని అటూ ఇటూ త్రిప్పి "టార్చా?" అన్నాడు. "టార్చులాంటిదే" అన్నాను. ఇచ్చేశాడు. ఇక్కడ వదిలారు గదా, ఇక లోకమంతా వదిలినట్టేనని నా ధీమా.

మధ్యలో విమానం మారి సిడ్నీ దారి పట్టాక, దిగేవారు నింపవలసిన కార్డులు పంచారు. మందులు, తుపాకులు, ఆయుధాలు వంటి నిషిద్ధ వస్తువులు ఉన్నాయా అన్న ప్రశ్నకు, ఈ వయస్సులో నాకు ఆయుధాలేమిటని నవ్వుకుంటూ "లేదు" అన్న గడిలో గీత పెట్టాను. కళ్లజోడు కోసం సంచి తెరిచేసరికి గొట్టం ఒళ్లో పడింది. పక్క సీటులో తెనాలి కుర్రవాడొకడు, సిడ్నీలో ఎనిమిదేళ్లుగా ఇంజనీరు.

"అదేమిటి మాస్టారూ, లేజరా?" అన్నాడు.

"అవును నాయనా. నక్షత్రాలు చూపించడానికి."

"ఎన్ని మిల్లీవాట్లదండీ?"

గొట్టంమీద చీటీ చదివాను. అయిదు.

అతను గొంతు తగ్గించాడు. "ఒక మిల్లీవాటు దాటితే ముందుగా అనుమతి లేకుండా ఈ దేశంలోకి తేకూడదు మాస్టారూ. సిడ్నీ ఉన్న రాష్ట్రంలో అయితే అది నిషిద్ధ ఆయుధాల పట్టీలో ఉంది."

"ఇదా ఆయుధం!" అన్నాను. మా ఆవిడ నిద్రలోంచి లేచి, "ఏమండీ, ఏం తెచ్చారు?" అన్నది. ఆవకాయను వదులుకుని వచ్చిన ఇల్లాలు ఆ ప్రశ్నను ఏ స్వరంతో అడిగి ఉంటుందో పాఠకులు ఊహించుకోగలరు.

తరువాత ఆ కుర్రవాడు చెప్పింది ఇది. 2008 మార్చి 28న సిడ్నీలో దిగబోతున్న ఆరు విమానాలమీదికి ఎవరో నాలుగు పచ్చ లేజరులను కూడబలుక్కుని గురిపెట్టారు. ఆ ఏడాదే చట్టాలు బిగించారు. ఈ మాట వింటున్నంతసేపూ నాకు కొత్త విషయమేమీ వినబడలేదు. అదీ నా సిగ్గు. 1960లో మైమన్ కెంపు స్ఫటికంతో మొదటి లేజరును వెలిగించాడని ఏటేటా పాఠం చెప్పినవాణ్ణి. చేతిలో సన్నటి దారంలా ఉన్న కిరణం పోనుపోను వెడల్పవుతుందనీ, కిలోమీటరు పోయేసరికి దాదాపు మీటరు మేర పరచుకుంటుందనీ నాకు తెలుసు. మన కంటికి అన్ని రంగులకంటె పచ్చ మిక్కిలి ప్రకాశంగా తోస్తుందనీ తెలుసు. ఈ రెండూ కలిపితే, చీకటికి అలవాటుపడిన పైలటు కళ్ల ఎదుట, అద్దంమీది సన్నటి గీతలమీదా దుమ్ముమీదా ఆ వెలుగు చెదిరి, అద్దం మొత్తం పచ్చటి మంటలా మారుతుందని ఎందుకు తట్టలేదు? అదీగాక గొట్టంమీద వ్రాసిన అయిదు నిజంగా అయిదేనని నమ్మకమూ లేదు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థవారు 2013లో వెల్లడించిన పరీక్షల్లో, 122 లేజరు పాయింటర్లను చూస్తే పచ్చవాటిలో నూటికి దాదాపు తొంభై నియమాలకు లోబడనివే.

ఇంతకూ నన్ను నిద్రపోనివ్వనిది ఇదేమీ కాదు. రెండేళ్ల కిందట ఒక రాత్రి. డాబామీద పాతికమంది పిల్లలు. గన్నవరం వైపు ఒక చుక్క మెల్లగా కదులుతూ దిగుతోంది. "సార్, అది గ్రహమా?" అన్నాడొక బుడతడు. "కాదురా, విమానం" అన్నాను. అని ఊరుకుంటే బాగుండేది. చూపించడం అలవాటైన చెయ్యి. పచ్చగీత లేచి ఆ చుక్కమీద వాలింది. రెండు క్షణాలు, పోనీ మూడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాటికి నేను మరిచిపోయాను.

సిడ్నీలో రాత్రి 11 గంటలనుంచి ఉదయం 6 దాకా, బహుకొద్ది మినహాయింపులతో తప్ప, విమానాలు దిగకూడదు. ఊరివాళ్ల నిద్రకోసం ఆ నిబంధన. మాది ఆరు దాటగానే దిగే విమానం. అది అక్కడ చలికాలపు మొదలు, ఇంకా తెలవారలేదు. దీపాలార్పిన విమానంలో కిటికీకి మొహం ఆనించి కూర్చున్నాను. కింద ఊరి దీపాలు వంగుతున్నాయి, లేస్తున్నాయి. ఆ ఇళ్ల డాబాలలో ఏదో ఒకదానిమీద నాబోటి పంతులు ఒకడు నిలబడి ఉంటే? మా ఆవిడ చెయ్యి నా మోచేతిమీద ఉంది. ముందుగదిలో ఇద్దరు మనుషులు ఆ సమయంలో ఏం చూస్తున్నారో అన్న ఆలోచన ఇన్ని ప్రయాణాల్లోనూ నాకు అదే మొదటిసారి.

చక్రాలు నేలను తాకాక కార్డు తీసి "లేదు" కొట్టివేసి, "అవును" గడిలో గీత పెట్టి, పక్కన పొట్టి సంతకం చేశాను.

కస్టమ్సు బల్ల దగ్గర ఉన్నావిడ నడివయస్కురాలు, మర్యాదస్థురాలు. గొట్టం చదివి, ఇంకొకరిని పిలిచి చూపించి, అనుమతిపత్రం ఉన్నదా అని అడిగింది. లేదన్నాను. తిరిగి వెళ్లేటప్పుడు ఇస్తారా అన్నాను, ఆశ చావక. అనుమతి ముందుగానే తెచ్చుకోవలసిందనీ, ఇప్పుడు వదులుకోవడమే మార్గమనీ చెప్పింది. ఒక కాగితంమీద సంతకం చేశాను. చెప్పి చూపించినందుకు థాంక్సు చెప్పి, సెల్లులు రెండూ నా చేతిలో పెట్టింది. పిల్లలు గొట్టంమీద సన్నటి అక్షరాలతో "మా మాస్టారికి" అని చెక్కించారు. ఆ అక్షరాలేమిటని ఆవిడ అడిగితే చెప్పాను. ఒక క్షణం ఊరుకుని, "ఐయామ్ సారీ" అన్నది. అంతే.

తరువాత తీరికగా చదివితే తెలిసింది, ఇది ఆ ఒక్క దేశపు పట్టింపు కాదని. స్విట్జర్లాండులో 2019నాటి నిబంధనలవల్ల మిక్కిలి బలహీనమైన మొదటి తరగతి పాయింటర్లు తప్ప తక్కినవి తేవడమూ దగ్గర ఉంచుకోవడమూ కూడా తప్పే. అమెరికాలో వాటిని సంచిలో పెట్టుకుని విమానం ఎక్కనిస్తారు గాని, విమానంమీదికి గురిపెడితే 2012 చట్టంక్రింద అయిదేళ్లదాకా జైలు. అయినా 2023లో అక్కడ అటువంటి ఫిర్యాదులు 13,304 వచ్చాయి. బ్రిటనులో 2018లో చట్టం వచ్చింది. మన దేశంలోనూ కొన్ని నగరాల్లో విమానాశ్రయాల చుట్టుపక్కల లేజరు వెలుగులు నిషేధిస్తూ పోలీసులు ఉత్తరువులు ఇస్తూంటారు. ఎక్కే ఊళ్లో అడ్డులేని వస్తువుకు దిగే ఊళ్లో అడ్డుంటుంది. ఆవకాయ విషయంలో మా ఆవిడకు ముందే తెలిసిన సూత్రమే.

మనుమడు రెండురోజులు మూతి ముడుచుకున్నాడు. మూడోవారంలో మావాడు మమ్మల్ని ఊరికి 100 కిలోమీటర్ల దూరాన ఉన్న కటూంబా కొండలమీదికి తీసుకుపోయాడు. చలి ఎముకల్లో దిగుతోంది. ఇంత ఆకాశం నేను చూచి ఎరగను. మన ఊళ్లో దక్షిణపు అంచున పాకే వృశ్చికం అక్కడ నడినెత్తిమీదికి ఎగబాకుతున్నది. ధ్రువుడు కనబడడు. సప్తర్షులు ఉత్తరాన దిగంతం పట్టుకుని వ్రేలాడతారు. అరుంధతి పైకి వచ్చేదే కాస్త, అదీ చెట్లచాటున. ఆ దేశంలో తెలుగు పెళ్లిళ్లలో పురోహితులు వధూవరులకు ఏ దిక్కు చూపిస్తున్నారో గాని, ఆ దంపతుల కాపురాలు మాత్రం చక్కగా సాగుతున్నట్టే ఉన్నాయి.

మన కోస్తాలో వేసవి రాత్రులు సముద్రానికి కాస్త పైన మాత్రమే కనిపించే త్రిశంకుడు అక్కడ ఎంతో ఎత్తున వెలుగుతున్నాడు. నాలుగు చుక్కల శిలువ, దాని ఎడమపక్కన రెండు పెద్ద చుక్కలు. అందులో ఒకటి, సూర్యుడి తరువాత మనకు అతి దగ్గరి నక్షత్రాల ఇల్లు. ఆ రెంటినీ అక్కడివాళ్లు ఏమంటారో తెలుసా అన్నాడు మావాడు నవ్వుతూ. పాయింటర్లు అంటారట. శిలువను చూపించేవి గనక.

పిల్లవాడి వెనక మోకాళ్లమీద కూర్చుని, వాడి చెంపకు నా చెంప ఆనించి, వాడి చెయ్యి పట్టుకుని చాచాను. మా నాన్న నాకు అలాగే చూపించాడు. వాడి వేలికొసనుంచి మొదటి చుక్క, రెండో చుక్క, అక్కడినుంచి శిలువ. "దొరికింది" అన్నాడు వాడు.

"నీ వెలుగుకర్రను పోలీసులు ఎందుకు తీసుకున్నారు తాతయ్యా?"

గన్నవరం డాబా సంగతి చెప్పాను. మూడు క్షణాలని కూడా చెప్పాను. వాడు ఏమీ అనలేదు. ఇద్దరం అలాగే చెయ్యి చాచుకుని నిలబడి ఉండగా, పడమటినుంచి ఎర్రదీపం మినుకుమినుకుమంటూ ఒక విమానం సిడ్నీ వైపు దిగుతూ వచ్చింది.

వాడు గభాలున నా మణికట్టు పట్టుకున్నాడు.

"తాతయ్యా, చెయ్యి దించు. విమానం వెళ్లనీ."