రెక్క కొనేముందు

ఇబ్రహీంపట్నం మీదుగా పోయే సాగర్ రోడ్డు పక్కనే మా ఇల్లు. మా ఊరి పెద్ద చెరువు కుతుబ్‌షాహీల నాటిది. అందులో చేపలు పట్టేవారిని తెప్పల మీదనే చూశాము గనుక, పడవ ఇంజను సంగతి మాకేమీ తెలియదు. అయినా గత వేసవిలో అదే విషయమై తొందరపడి ఒక సలహా ఇచ్చాము. ఆ సంగతి చదువరులకు ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాము.

మా పెద్దక్కను నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డునున్న వైజాగ్ కాలనీకి ఇచ్చారు. 1955లో పునాది వేసి, 1967లో కాలువలకు నీరు వదిలిన ఆ ప్రాజెక్టు వద్దకు విశాఖ తీరం నుండి వచ్చి స్థిరపడిన మత్స్యకారుల ఊరు అది. బావగారికి 16 అడుగుల ఫైబరు పడవ, దాని వెనుక తగిలించిన చిన్న పెట్రోలు ఇంజను ఉన్నాయి. ఇంజను జోరు పెంచితే పడవ మొన పైకి లేచి ఎదుట ఏమున్నదో కనబడదు. వేసవిలో నీరు తగ్గితే మునిగిన మొద్దులు, బండలు బయటపడతాయి. రెండుసార్లు ఆయన త్రుటిలో తప్పించుకున్నారు.

ఒక దుకాణదారుడు, “ఇంజనుకు హైడ్రోఫాయిల్ బిగించండి. మొన దిగుతుంది, పెట్రోలూ కలిసివస్తుంది” అన్నాడట. అక్క ఫోనుచేసి డబ్బు అడిగింది. మా దగ్గరున్నది చిట్టీ ఎత్తిన డబ్బు. మేనకోడలి కాలేజీ ఫీజు కొరకని దాచినది. “ప్రాణం కంటే ఫీజు ఎక్కువా? కొనండి” అనేశాము.

పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివిన మా అబ్బాయి మాత్రం “చూసి కొందాం” అన్నాడు. ఆదివారం ఆరాధన కాగానే యాచారం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా బయలుదేరాము.

దారిలో వాడు విడమరచి చెప్పాడు. హైడ్రోఫాయిల్ అంటే నీటిలో పనిచేసే రెక్క. విమానపు రెక్క గాలిలో పైకి లేపినట్టే, వేగంగా పోయేటప్పుడు ఇది నీటిలో లేపుతుంది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్, ఆయన సహచరులు అలాంటి రెక్కలున్న పడవను 1919లో గంటకు 114 కిలోమీటర్ల వేగంతో నడిపారు. ఆ రెక్కలు పడవనంతా నీటిపైకి ఎత్తేవి. దుకాణంలో దొరికేది ఇంజను పంకాకు పైనున్న పలకకు బిగించే చిన్న రెక్క. అది పడవ వెనుక భాగాన్ని లేపుతుంది, అందువలన మొన దిగుతుంది. దుకాణదారుడు చెప్పినది అబద్ధం కాదు.

అయితే ఆ బలం వేగం వలననే పుడుతుంది. 16 అడుగుల పడవ నీటిని చీల్చుకుంటూ పోయినంతకాలం గంటకు సుమారు 10 కిలోమీటర్లే దాని హద్దు. దానిని దాటి నీటిమీద జారిపోవాలంటే పడవ తేలికగా ఉండాలి, ఇంజనుకు సత్తువ ఉండాలి. వలలు, ఐసుపెట్టె, చేపలతో నిండిన బావగారి పడవ ఆ హద్దులోనే నడుస్తుంది. అక్కడ రెక్క చేసే మేలు స్వల్పం. నీటికి అడ్డుపడటం, వలదారం చిక్కుకోవడం మాత్రం తప్పవు. పైగా చాలా రకాలకు ఇంజను పలకకే రంధ్రాలు చేయాలి. రెక్క మొద్దుకు తగిలితే పలక కూడా విరగవచ్చు.

ఒడ్డుకు వెళ్లి చూస్తే పెట్రోలు డబ్బా, ఐసుపెట్టె, వలల మూట, బావగారు, అన్నీ వెనుకనే! “చేతికి అందుతాయని అక్కడ పెట్టాను” అన్నారాయన నవ్వుతూ. పెట్టెను, వలలను కొంచెం కొంచెంగా ముందుకు జరిపాము. మరీ ముందుకు జరిపితే మొన నీటిలోకి దిగబడుతుంది, అదీ ప్రమాదమే. ఇంజను వంపును నిలిపే మేకును ఒక రంధ్రం లోపలికి మార్చాము. ఆ తరువాత జోరు పెంచితే మొన దిగింది, ఎదుట నీరు కనబడింది. పైసా ఖర్చు కాలేదు.

“మరి యాత్రికులను తిప్పే పడవలకు?” అని బావగారు అడిగారు. తేలికైన పడవ, చాలినంత ఇంజను, ఇద్దరు ముగ్గురు మనుషులైతే రెక్క మేలే చేస్తుందని, త్వరగా నీటిపైకెక్కి తక్కువ జోరులో కూడా అలా నిలుస్తుందని అబ్బాయి చెప్పాడు. ఆ పని మొదలుపెట్టిననాడు కొందామనుకున్నాము.

తిరిగి వచ్చేముందు అక్క ఒక మాట అన్నది: “ఇన్నేండ్లుగా నీళ్లమీదికి పోతున్నారు, ఒంటిమీద లైఫ్ జాకెట్ ఎన్నడూ లేదు.” మాకు సిగ్గువేసింది. ప్రాణం మాట ఎత్తినది మేమే, కాని ఆ ప్రాణానికి ముందుగా ఏది కావాలో అడగలేదు. ఆ డబ్బులో కొంతతో బావగారికి, మేనల్లునికి రెండు జాకెట్లు కొన్నాము. మిగిలినది ఫీజుకు కట్టాము.

చదువరులారా, కొత్త వస్తువు కొనేముందు ఉన్న బరువు ఎక్కడున్నదో ఒకసారి చూసుకొందము. మేము ఫోనులో చెప్పిన సలహా కంటే, ఒడ్డుకు వెళ్లి చూసిన ఒక గంట ఎక్కువ పనిచేసింది.