1,710 రూపాయల టైర్ల స్టాండు

పోయిన మీటింగులో ఇద్దరు ముగ్గురు అడిగారు, "మీ షెడ్డులో టైర్ల స్టాండు ఎట్లా చేశారు, ఎంతైంది" అని. నాలుగు మాటల్లో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను. ఎప్పటిలాగే కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా అబ్బాయి ఛోటా హాతీ నడుపుతాడని మీకు తెలుసు. పసుపు బస్తాలు, సిమెంటు, పెళ్లిసామాను, ఏది దొరికితే అది. బండి ఉన్న ఇంట్లో టైర్లు పేరుకుంటాయి. దానికి తోడు నా కారువి. స్కూటర్ అమ్మేసి ఏళ్లయినా దాని టైర్లు పోలేదు. అన్నీ కలిపి 17. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి.

పారెయ్యకపోవడం నాకు మా నాయిన నుంచి వచ్చింది. ఉస్మాన్‌షాహీ మిల్లులో పని చేసి ఇంటికొచ్చాక పాత సైకిల్ టైరు ముక్కలతో చెప్పులకు అడుగులు వేసేవాడు. "పారేసుడు అల్కనే బిడ్డా, మళ్ల కొనుడే కష్టం" అనేవాడు. ఆ మాట పట్టుకుని నేను 17 టైర్లు దాచాను. ఆయన వాడుకోవడానికి దాచేవాడు, నేను ఊరికే దాచాను. ఆ తేడా నాకు పోయిన సెప్టెంబరులో గానీ తెలియలేదు.

మా మనవడికి 7 ఏళ్లు. మేడ మీదే ఆట. జ్వరం వచ్చింది, మూడో రోజుకు తగ్గింది, తగ్గిందనుకుంటే వాడు లేవలేకపోయాడు. పరీక్ష చేస్తే డెంగీ. ప్లేట్‌లెట్లు 38 వేలు. 5 రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. రాత్రిళ్లు వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రుల సంగతి ఇక్కడ రాయలేను.

ఇంటికి తెచ్చిన రెండో రోజు ఆశా తాయి వచ్చింది. ఇంట్లో కూలర్ చూసింది, కుండీలు చూసింది, అన్నీ బాగున్నాయంది. తర్వాత మేడ ఎక్కింది. ఒక టైరులోకి టార్చి వేసి "కాకా, హే బఘా" అని పిలిచింది. వంగి చూశాను. నీళ్లలో వందల పురుగులు తోకలాడిస్తున్నాయి. ఆమె ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. మా ఇంటావిడ మాత్రం నా వైపు చూసి, "నేను ఎన్నిసార్లు చెప్పిన" అని కిందికి దిగిపోయింది.

ఆ నీళ్లు పారబోస్తే సరిపోతుందనుకున్నాను. తాయి చెప్పింది వినండి, మీకూ పనికొస్తుంది. డెంగీ దోమ గుడ్లను నీళ్లలో కాదు, నీటి అంచుకు పైన టైరు గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్లీ వాన పడి తడిస్తే పొదుగుతాయి. వారం, పది రోజుల్లో దోమ తయారు. అది కుట్టేది ఎక్కువగా పగటిపూట, పిల్లలు ఆడుకునే వేళ. కాబట్టి నీళ్లు పారబోయడమే కాదు, లోపల బ్రష్‌తో గట్టిగా రుద్దాలి, ఆరబెట్టాలి, తర్వాత చుక్క నీరు పడని చోట పెట్టాలి. టైరును పడుకోబెట్టినా నిలబెట్టినా లోపలి వంపులో నీళ్లు నిలుస్తాయి. దానికి కప్పు ఒక్కటే మందు. 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో బయటపడ్డ పులి దోమ కూడా ఆసియా నుంచి ఓడల్లో వెళ్లిన పాత టైర్లలోనే వచ్చిందంటారు. సముద్రం దాటినదానికి మన గోడ దాటడం ఎంత?

ముందు టైర్లు ఏరాను. ప్రతి టైరు పక్కన చివర 4 అంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైంది అని. ఒకటి 2011ది! పగుళ్లు పడ్డవి, తీగ బయటికొచ్చినవి, ఇక ఏ బండికీ పనికిరానివి 6 తేలాయి. పాత టైర్లు కొనేవాడికి ఇచ్చేశాను. హోళీ మంటలో మాత్రం వేయకండి, ఆ పొగ మన పిల్లలే పీల్చాలి.

మిగిలిన 11 టైర్లకు షెడ్డులో స్టాండు. దెగ్లూర్ నాకా వైపు ఒక భంగార్ దుకాణంలో ఒక అంగుళం చదరపు ఇనుప పైపు 18 కిలోలు, కిలో 60 చొప్పున 1,080 రూపాయలు. వెల్డింగు 400, రెడ్ ఆక్సైడు, బ్రష్ 150, గోడ బోల్టులు 80. మొత్తం 1,710.

కొలతలు రాసుకోండి. పొడవు 5 అడుగులు. నిలువు కాళ్లు 4, ఒక్కొక్కటి మూడున్నర అడుగులు. రెండు అంతస్తులు, ప్రతి అంతస్తుకూ ముందొక పైపు, వెనకొక పైపు, మధ్య దూరం 14 అంగుళాలు. పలక అక్కర్లేదు, టైరు ఆ రెండు పైపుల మధ్య తనంతట తానే కూర్చుంటుంది, దొర్లదు. కింది పైపులు నేలకు 6 అంగుళాల ఎత్తున, పైవి 36 అంగుళాల ఎత్తున.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. స్టాండును గోడకు ఆనించి బిగించాను. టైరు పెడితే కూర్చోదే! పైపుల కంటే టైరు వెడల్పు, వెనక్కి 5 అంగుళాలు పొడుచుకొస్తుంది కదా, గోడ అడ్డం. వెల్డరు నవ్వాడు. మళ్లీ విప్పి, మిగిలిన పైపులోంచి 6 అంగుళాల ముక్కలు కోసి గోడకూ స్టాండుకూ మధ్య పెట్టి బోల్టులు వేశాం. బిగించడం మరవకండి. పిల్లవాడు ఎక్కితే మీద పడుతుంది.

రిమ్ము లేని టైర్లను ఇలా నిలబెట్టాలి, నెలకోసారి కొంచెం తిప్పాలి, లేకపోతే ఒకే చోట బరువు పడి అణుగుతుంది. రిమ్ముతో ఉన్నవాటిని పడుకోబెట్టి పేర్చొచ్చు. ఎండ, పెట్రోలు, నూనె తగలనివ్వకండి.

స్టాండులో 16 పడతాయి, ఉన్నవి 11. ఖాళీ ఉంది కదా అని కొత్తవి తేవద్దని మా ఇంటావిడ షరతు. మనవడు ఇప్పుడు బాగున్నాడు, మేడ మీద మళ్లీ క్రికెట్టు మొదలైంది. నెలకోసారి టైర్లు తిప్పే పని వాడిదే.

చివరగా ఒక మాట. మన సంఘం భవనం వెనక కూడా 4 టైర్లున్నాయి, కొన్నేళ్లుగా. పోయిన మీటింగు రోజు నేను వాటిలో ఒకదాని మీద కూర్చునే ఫోన్ మాట్లాడాను. లోపల చూడలేదు. ఈ ఆదివారం పొద్దున 8 గంటలకు టార్చి, బ్రష్ పట్టుకుని వస్తున్నాను. వీలున్నవాళ్లు రండి.