తాళము వేసిన తరువాత

పుదుచ్చేరిలో గూబేర్ మార్కెట్టు ప్రక్కన సాగే రంగపిళ్ళై వీధి మనకందరకు పరిచితమే. ఆ వీధికి పేరిచ్చిన ఆనందరంగ పిళ్ళై (1709–1761) ఫ్రెంచి గవర్నరు డూప్లే వద్ద ప్రధాన దుబాసీ. తెలుగువారికి ఆయన మరొక విధంగా కూడా ఆత్మీయుడు. కస్తూరి రంగకవి తన లక్షణ గ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ను ఆయనకే అంకితమిచ్చాడు. పిళ్ళై 1736 నుండి 1761 వరకు తమిళంలో దినచర్య వ్రాసుకున్నాడు. ఓడల రాకపోకలు, సరుకుల బేరాలు, గవర్నరు ఏకాంతంగా అన్న మాటలు, ఆయన భార్యపై తనకున్న అసంతృప్తి, అన్నీ అందులో ఉన్నాయి. ఆ నాడు పొరపాటున ఎవరి కంటనైనా పడి ఉంటే ఆయన కొలువుకే ముప్పు వచ్చేదని నా ఊహ. అయినా ఆ పుస్తకాలు ఆయన తదనంతరం కూడా నిలిచాయి. 1846లో గాల్వా మోంబ్రన్ అనే ఫ్రెంచి అధికారి వాటి ఉనికిని గుర్తించాడు. తరువాత మద్రాసు ప్రభుత్వం 1904–1928 నడుమ 12 సంపుటాలుగా ఆంగ్లానువాదాన్ని ప్రచురించింది.

కాగితపు పుస్తకానికి పెట్టెయే రక్షణ. తాళపుచెవి పోతే పెట్టె పగులగొట్టవచ్చు. కంప్యూటరులో వేసిన తాళానికి ఆ సౌకర్యం లేదు.

ఇంటి కంప్యూటరు ఇంటిల్లిపాదిదీ. పిల్లల ఆటలు, వారి స్నేహితుల రాకపోకలు, మరమ్మతుకని దుకాణంలో నాలుగు రోజులు వదలివేయటం, ఇవన్నీ మామూలే. అందులోనే మన భవిష్యనిధి కాగితాలు, వీలునామా చిత్తుప్రతి, వైద్య పరీక్షల ఫలితాలు ఉంటాయి. యంత్రం తెరిచేటప్పుడు అడిగే పాస్‌వర్డు ఒక్కటే చాలుననుకోవటం భ్రమ. లోపలి డిస్కును గుప్తీకరించకుండా వదిలితే, దానిని ఊడదీసి వేరొక యంత్రానికి తగిలించిన వారికి ఫైళ్ళన్నీ దర్శనమిస్తాయి. ఫైలుకే పాస్‌వర్డు పెట్టే పద్ధతి వేరు. వర్డ్‌లోను, లిబ్రె ఆఫీసులోను ఆ ఏర్పాటు ఉన్నది. అక్షరాలన్నిటినీ గుర్తుపట్టరాని సంకేతాలుగా మార్చివేసి, సరియైన మాట చెప్పినప్పుడే తిరిగి అక్షరాలుగా మారుస్తుంది. వర్డ్ 2007కు పూర్వపు తాళాలు చాలావరకు బలహీనమైనవి. ఇప్పటి వాటికి మంచి పాస్‌వర్డు పెట్టి మరచిపోతే తయారుచేసిన సంస్థ సైతం తెరవలేదు.

మాట ఎంపికలో మాత్రం జాగ్రత్త అవసరం. దిగుమతి చేసుకునే ఆధార్ ప్రతికి పాస్‌వర్డు పేరులోని మొదటి 4 ఆంగ్లాక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఇంట్లో వారికి, ఇరుగుపొరుగుకు తెలియనిది అందులో ఏమున్నది? పొడి మీద కవరు వంటిది అది.

ఇక అసలు విషయానికి వస్తాను. మా సంస్థ అకౌంట్సు విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రుడొకరు అకస్మాత్తుగా గతించారు. లెక్కల మనిషి గనుక డిపాజిట్లు, పాలసీలు, ఇచ్చిన చేబదుళ్ళు, సొంత దినచర్య, సమస్తం ఒకే ఫైలులో పెట్టి గట్టి తాళం వేశారు. కుమారుడు పుట్టినరోజులు, స్కూటరు నంబరు, ఇలవేల్పు పేరు, తోచినవన్నీ ప్రయత్నించాడు. ఫలితం లేదు. రిజర్వు బ్యాంకు 2023లో ‘ఉద్గమ్’ అనే వెతుకులాట సదుపాయం ప్రారంభించింది గాని, అది ఎవరూ అడగని పాత డిపాజిట్ల కోసం. నిన్న మొన్నటి ఖాతాకు పనికిరాదు. శాఖ శాఖకూ తిరిగి రెండు డిపాజిట్లు పట్టుకున్నారు. చేబదుళ్ళు తీసుకున్న వారు తామై వచ్చి చెప్పవలసిందే. ఒకరు వచ్చారు కూడా.

ఆయన భార్య నాతో అన్న మాట వేరు: “అన్నయ్యగారూ, డబ్బు సంగతి అటుంచండి. రోజూ రాత్రి భోజనమయ్యాక గంటసేపు కూర్చుని టైపు చేసేవారు. ఏమి వ్రాశారో ఒక్క పేజీ అయినా చదవాలని ఉంది.”

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ పేజీలు ఆమె చదవాలని ఆయన కోరుకున్నారో లేదో ఎవరికి తెలుసు? మనిషికి తనదైన చోటు కొంత ఉండటం తప్పు కాదని నా నమ్మకం. అయితే భార్యకు అవసరమైన లెక్కలను, తనకు మాత్రమే కావలసిన మాటలను ఒకే తాళం క్రింద పెట్టటంతోనే చిక్కు వచ్చింది. పాస్‌వర్డును తెరమీద కాగితంగా అంటించేవారిని చూసి నవ్వుతాం గాని, ఎవరికీ చెప్పకుండా పోవటం కూడా అంత తెలివైన పని కాదు.

ఆ నెలలోనే నా ఫైళ్ళను రెండుగా విభజించాను. లెక్కల ఫైలు మాటను కాగితం మీద వ్రాసి, కవరులో పెట్టి, అంటించి మా ఆవిడ చేతికిచ్చాను. మాట మార్చినప్పుడల్లా కవరు మార్చాలని కూడా చెప్పాను. రెండవ ఫైలు మాట నా దగ్గరే ఉంది.

“ఇందులో ఒకటే ఉందా, రెండూ ఉన్నాయా?” అని అడిగింది.

“ఒకటే.”

“అయితే రెండో దాంట్లో నా మీద ఫిర్యాదులేనన్నమాట” అంటూ కవరును బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టి తాళం వేసింది. ఆ తాళపుచెవి ఎక్కడ పెడుతుందో నాకు ఇంతవరకు తెలియదు.