పాటల పంపకం

పంచుకోవడం అనే మాట మన భాషలో రెండు పనులు చేస్తుంది. అన్నదమ్ములు పొలం పంచుకుంటే ఎవరి చేతికి వచ్చేది వారికి తగ్గుతుంది. స్నేహితులు కష్టసుఖాలు పంచుకుంటే తగ్గవలసింది తగ్గి, పెరగవలసింది పెరుగుతుంది. ఈ రెండు రకాల పంపకాలూ ఒకే ఇంట్లో, ఒకే వస్తువు విషయంలో జరగడం నేనీమధ్య చూశాను. ఆ వస్తువు ఒక రికార్డుల పెట్టె.

ముందు ఆ రికార్డుల సంగతి చెప్పాలి. 1960ల చివర ఇంగ్లండులో రాక్ సంగీతం వాయించే కుర్రవాళ్లు కొందరికి మూడు నిమిషాల పాటతో తృప్తి లేకపోయింది. మూడు నిమిషాలంటే చాటుపద్యం. వాళ్లకు ప్రబంధం కావాలి. అప్పటికే లాంగ్‌ప్లే రికార్డు వచ్చివుంది. ఒక్కో పక్కన 20 నిమిషాలకు పైగా పడుతుంది. ఇంకేం, పక్కంతా ఒకే పాటగా అల్లేశారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కొంత, జాజ్ కొంత, జానపదం కొంత కలిపారు. తాళాల నడకలు మార్చారు. దీనికి ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. 1969లో కింగ్ క్రిమ్సన్ బృందం మొదటి ఆల్బంతో దారి పడింది. 1972లో జెనెసిస్ బృందం వినిపించిన 'సప్పర్స్ రెడీ' ఇంచుమించు 23 నిమిషాల పాట.

ఇంత పొడుగు పాటలకు అభిమానులుంటారా అంటే, వుంటారు. పైగా వాళ్లు ఒంటరిగా వుండలేరు. మూడు నిమిషాల పాట నచ్చినవాడు ఈల వేసుకుంటూ పోతాడు. 23 నిమిషాల పాట నచ్చినవాడికి ఈల చాలదు, మరో మనిషి కావాలి. ఆ మనిషిని కూర్చోబెట్టి, "ఇదుగో, ఇప్పుడొస్తుంది చూడండి" అంటూ మొహంకేసి చూస్తూ వినిపించాలి.

మా వూళ్లో అలాంటివాళ్లం నలుగురం. ఆదివారం సాయంత్రం ఫిజిక్సు మేష్టారింట్లో చేరతాం. ఆయన మా కాలేజీలోనే పనిచేసి రిటైరయ్యారు. డెబ్భై దాటాయి. మద్రాసులో చదువుకునే రోజుల్లో, 1985లో కాలిపోయిన మూర్ మార్కెట్టు వుంది చూశారూ, అక్కడ బేరమాడి కొన్న పాత రికార్డులు ఆయన ఆస్తి. మూడో మనిషి బాంకు ఆఫీసరుగారు. నాలుగో మనిషి ఎదురింటి అమ్మాయి, ఇంజనీరింగు చదువుతోంది.

మాలో మాకు పడదు. 1975లో పీటర్ గేబ్రియల్ జెనెసిస్‌ను వదిలి వెళ్తే, డ్రమ్ములు వాయించే ఫిల్ కాలిన్సే పాట అందుకున్నాడు. గేబ్రియల్‌తోనే ఆ బృందం పని అయిపోయిందంటారు ఆఫీసరుగారు. కాదు, కాలిన్స్ నిలబెట్టాడంటారు మేష్టారు. యాభై ఏళ్ల కిందటి ఆ వ్యాజ్యం మా వీధిలో ఇంకా తీర్పు కాలేదు. ఆఫీసరుగారు 2002లో రోజర్ వాటర్స్ కచేరీకి బెంగుళూరు వెళ్లివచ్చారు. కచేరీ సంగతి అయిదు నిమిషాల్లో చెప్పి, బస్సులో నిలబడి వెళ్లిన సంగతి అరగంట చెబుతారు. అమ్మాయికి జెత్రో టల్ బృందం 'థిక్ యాజ్ ఎ బ్రిక్' ప్రాణం. 1972లో వచ్చిన ఆ రికార్డుకు రెండు పక్కలా కలిపి ఒకటే పాట. దాని సాహిత్యాన్ని ఎనిమిదేళ్ల కుర్రాడు రాశాడని అట్టమీద వేళాకోళంగా వేశారు. ఆ బృందంలో ఫ్లూటు వాయించే ఇయాన్ ఆండర్సన్ ఒంటికాలిమీద నుంచున్న ఫోటో చూసి, మేష్టారి భార్య పిన్నిగారు "మన కృష్ణుడిలా వున్నాడే!" అన్నారు.

నాకు పడనిది యెస్ బృందం 1973లో తెచ్చిన 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్'. రెండు రికార్డులు, నాలుగు పక్కలు, నాలుగే పాటలు, మొత్తం 80 నిమిషాల పైమాట. పరమహంస యోగానంద ఆత్మకథలో ఒక పేజీ అడుగున శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అంటూ శాస్త్రాలను గురించి చిన్న వివరణ వుంది. అది చదివి గాయకుడు జాన్ ఆండర్సన్‌కు ఈ వూహ పుట్టింది. బృందంలోనే రిక్ వేక్‌మన్‌కు ఇది రుచించలేదు. మాంచెస్టర్ కచేరీలో ఆర్గన్ కింద పడుకుని మరమ్మతు చూసుకునే సహాయకుడు, తర్వాత ఏం తింటారని అడిగితే కూరా అన్నం అన్నాడట. అతగాడు ఇప్పుడే కావాలనుకుని అప్పటికప్పుడు కోడికూర, పలావు, అప్పడాలు పట్టుకొచ్చాడు. వేక్‌మన్ వేదికమీదే తిన్నాడు. ఈ కథ ఆయనే పలుసార్లు చెప్పుకున్నాడు. నేను వేక్‌మన్ పార్టీ.

ఇలా వుండగా రెండేళ్లుగా మేష్టారికి వినికిడి తగ్గుతూ వచ్చింది. ముందు సన్నని స్వరాలు పోయాయి. చెవికి యంత్రం పెట్టుకుంటే మాటలు వినిపిస్తాయి గాని, సంగీతం రేకుడబ్బా మోతలా వుందంటారు. మొన్న సంక్రాంతి వెళ్లిన ఆదివారం పెట్టె ముందు వేసుకుని, "పంపకాలు చేసేస్తాను" అన్నారు. మేమెవరం మాట్లాడలేదు. అయినా మనసులో ఎవరి కోరిక వారికుంది.

ఆయన తిరగేసి పంచారు. ఆఫీసరుగారికి కాలిన్స్ పాడిన 1976 నాటి 'ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్'. ముసలివాళ్ల ఏడుపని తీసిపారేసే అమ్మాయికి పింక్ ఫ్లాయిడ్ వారి 'విష్ యు వర్ హియర్'. నాకు ఆ నాలుగు శాస్త్రాలు.

"నచ్చినదిస్తే మీరు నాకు కొత్తగా చెప్పేదేముంది? ఇంటికి తీసుకెళ్లి వినండి. ఏ చోట ఏముందో వచ్చి చెప్పండి. ఇహమీదట నేను వినేది అలాగే" అన్నారు.

మొదటి వంతు అమ్మాయిది. ఆ ఆల్బంలో పెద్ద పాట, మతి చలించి బృందానికి దూరమైన సిడ్ బారెట్‌ను గురించి. 1975 జూన్‌లో రికార్డింగు జరుగుతూండగా అతనే స్టూడియోకు వస్తే, మనిషి ఎంతగా మారిపోయాడంటే, పాతమిత్రులు చాలాసేపటిదాకా గుర్తుపట్టలేదు. అమ్మాయి ఆ సంగతి చెబుతూ చెబుతూ ఆగిపోయింది. "వూఁ, తర్వాత గిటారు వస్తుంది గదూ?" అన్నారు మేష్టారు.

నా వంతుకు నేను కాగితం, పెన్సిలు పట్టుకుని వారం రోజులు కూర్చున్నాను. మూడో పక్క నాకు ఇప్పటికీ బరువే. ఆ మోతను మోత అనే చెప్పాను. సరిగ్గా అప్పుడే పిన్నిగారు పళ్లెంలో అప్పడాలు తెచ్చిపెడితే మేష్టారు పకపకా నవ్వారు. కాని ఆ మోతంతా అణగిపోయి చివరకు స్టీవ్ హౌ గిటారు ఒక్కటే మిగిలే చోటు వుంది. "వచ్చింది మేష్టారూ" అందామని చూస్తే, అప్పటికే ఆయన వేళ్లు కుర్చీ చేతిమీద కదులుతున్నాయి. రికార్డు తిరిగే లెక్క ఆయన లోపల వుంది.

నాలుగో పక్కలో క్రిస్ స్క్వైర్ బేస్ గిటారు మంద్రంలో గట్టిగా మోగుతుంది. మేష్టారు లేచి వెళ్లి స్పీకరు పెట్టెమీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు.

"ఇక్కడ మీరు చెప్పనక్కర్లేదు లెండి, నాకు తెలుస్తోంది" అన్నారు.

వచ్చే ఆదివారం ఆఫీసరుగారి వంతు. ఫిల్ కాలిన్స్‌ను గురించి ఆయన ఏం చెబుతారో వినాలని మా అందరికీ ఆత్రంగా వుంది.