మాత్రకు ముందు కుర్చీ

నాంపల్లి స్టేషనులో దిగి అబిడ్స్‌లోని ఆఫీసుకు నడిచి వెళ్లే గుమాస్తా ఒకాయన నడుము నొప్పితో మూడేళ్లు నా వద్దకు వచ్చారు. ప్రతిసారీ మాత్రలు రాశానే గాని, ఏ కుర్చీలో కూర్చుంటారని అడగలేదు. ఒకనాడు పనిమీద ఆ ఆఫీసుకు వెళ్లి చూశాను. ఎత్తయిన పాత కుర్చీ. పాదాలు నేలకు ఆనవు, నడుముకు ఆధారం లేదు.

ఆధారం లేకుండా కూర్చుంటే, నిలబడినప్పటికన్నా నడుము డిస్కులపై ఒత్తిడి ఎక్కువని స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలోనే కొలిచి చూపారు. చదివి కూడా మరిచాను.

మీరు నాంపల్లి ఫర్నిచర్ దుకాణాలకు వెళితే, మెత్తదనం చూసి మోసపోకండి. పది నిమిషాలు కూర్చుని చూడండి. పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. మోకాలి వెనుకకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందుండాలి. నడుము వంపును కుర్చీ వీపు తాకాలి. చేతులు ఆనించినప్పుడు భుజాలు పైకి లేవకూడదు. చక్రాల కుర్చీకి అయిదు కాళ్లుండాలి. స్పాంజిని నొక్కి వదిలితే వెంటనే పొంగాలి. ఎంత మంచి కుర్చీ అయినా అరగంటకొకసారి లేవండి.

ఆయన కాళ్లకింద పీట, నడుము వెనుక మడిచిన తువ్వాలు పెట్టించాను. క్రమంగా మాత్రలు తగ్గాయి. ఆ మూడేళ్లను మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను.