ఏయూ ప్రాంగణంలో తేదీలు, సేవలు, కబుర్లు

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఏయూ)లో చదువు ఒక నోటీసుతో మొదలై మరో నోటీసుతో ముగుస్తుంది. సీటు వచ్చిందని చెప్పేది మొదటిది, స్నాతకోత్సవానికి దరఖాస్తు చేసుకోమనేది చివరిది. ఈ రెంటి మధ్యా ఫీజు గడువులు, హాస్టల్ కేటాయింపులు, స్కాలర్‌షిప్ రెన్యువల్, పరీక్షల టైంటేబుల్, సభలు, సదస్సులు, తుపాను సెలవులు ఉంటాయి. విశాఖపట్నంలో నాలుగు వందల ఎకరాలకు పైగా పరుచుకున్న ఈ ప్రాంగణాన్ని ఆ నోటీసుల వెంటే నడుస్తూ చూస్తే, భవనాలను మాత్రమే చూసినప్పుడు తెలియని సంగతులు చాలా తెలుస్తాయి. ఈ వ్యాసకర్త పర్యటన సాగింది ఆ దారిలోనే.

1926 ఏప్రిల్ 26న బెజవాడ కేంద్రంగా ఏర్పడిన ఈ సంస్థ 1930లో వాల్తేరుకు మారింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి వైస్ ఛాన్సలర్. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్, ఆ తర్వాత 1949 వరకు మళ్లీ రామలింగారెడ్డి ఆ పదవిలో ఉన్నారు. విజ్ఞానశాస్త్ర కళాశాలకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరు పెట్టింది ఆయన ఏటా ఇచ్చిన లక్ష రూపాయల విరాళానికి కృతజ్ఞతగా. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయమే కొంతకాలం గుంటూరుకు తరలిపోయింది. ప్రాంగణం మొత్తం ఊరు మారినప్పుడు తరగతులు ఎక్కడో, ఎప్పుడో విద్యార్థికి సమయానికి తెలియడం ఎంత పెద్ద విషయమో ఊహించుకోవచ్చు. ఇప్పటికీ ఆ అవసరం తగ్గలేదు.

ఇక్కడికి వచ్చే పిల్లల్లో చాలామంది ఉత్తరాంధ్ర పల్లెల వాళ్లు. ఉద్దానం నుంచి, సీతంపేట కొండల నుంచి, పాడేరు, అరకు ఏజెన్సీ నుంచి వస్తారు. ఇంట్లో పీజీ దాకా వచ్చిన మొదటి మనిషి తామే అయినవాళ్లు వారిలో తక్కువేమీ కాదు. అధ్యాపకుల ఇంట్లో పుట్టిన పిల్లకు చలానా అంటే ఏమిటో, బోనఫైడ్ ఎవరిస్తారో అన్నం తింటూ చెప్పేవాళ్లు ఉంటారు. పల్లె నుంచి వచ్చిన పిల్లకు ఉన్నది నోటీసు బోర్డు ఒక్కటే. అందుకే ప్రాంగణంలో గడువు తేదీ పాలనాపరమైన చిన్న విషయం కాదు. తెలివి తక్కువై చదువు ఆపేసినవారి కంటే, తేదీ తెలియక ఒక ఏడాది పోగొట్టుకుని ఇక తిరిగి రానివారి గురించి విశ్వవిద్యాలయాలు ఎక్కువ బాధపడాలి.

నగర బస్సులో వచ్చేవారికి ఇన్‌గేట్, అవుట్‌గేట్ అనే పేర్లే గుర్తులు. దక్షిణ ప్రాంగణంలో పాలనా భవనం, ఆర్ట్స్, సైన్స్ కళాశాలలు, గ్రంథాలయం ఉంటే, ఉత్తర ప్రాంగణం ఇంజినీరింగ్ వారిది. కొత్తగా చేరినవారికి ముందు ఎదురయ్యేది ఫీజు, సర్టిఫికెట్ల పని. ఏపీ పీజీసెట్ ద్వారా సీటు వచ్చినవారు టీసీ, మార్కుల మెమోలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఒరిజినల్స్‌తో సహా చూపించాలి. వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవారికి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. దీన్ని ఆలస్యంగా గుర్తు చేసుకుని పాత కాలేజీ చుట్టూ తిరిగేవారు ప్రతి జూలై, ఆగస్టుల్లో కనిపిస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తుకు ఆదాయ ధ్రువపత్రం సొంత ఊరి సచివాలయం నుంచి తెచ్చుకోవాలి. బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి. హాజరు 75 శాతానికి తగ్గకూడదు. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా డబ్బు ఆగిపోతుంది. అది ఆగిన సంగతి విద్యార్థికి తెలిసేది సాధారణంగా పరీక్ష ఫీజు కట్టేవేళ. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా కూడా చేరిన కొత్తలోనే తెరుచుకోవాల్సినది. 2021లో దేశవ్యాప్తంగా మొదలైన ఈ ఏర్పాటులో విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు జమ అవుతాయి. ఆ ఖాతాలో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉండేలా చూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంతో ఉంటే తర్వాత సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది.

విభాగాల బోర్డుల దగ్గర ఏడాది పొడవునా కనిపించేది పరీక్షల సమాచారం. అపరాధ రుసుము లేకుండా ఒక తేదీ, అపరాధ రుసుముతో మరో తేదీ, ఆ పైన హాల్ టికెట్ల జారీ. హాజరు తక్కువైనవారు అనారోగ్య కారణం ఉంటే డాక్టరు సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు కట్టి మినహాయింపు కోరవచ్చు. జ్వరంతో ఇంటికి వెళ్లినప్పుడే ఆసుపత్రి కాగితాలు దాచుకొమ్మని సీనియర్లు జూనియర్లకు చెప్పే మాట ఏ సర్క్యులర్ కంటే తక్కువది కాదు. ఫలితాలు వచ్చాక రీవాల్యుయేషన్‌కు ఇచ్చే గడువు కొద్ది రోజులే కనుక, సెలవులకు ఊరెళ్లినవారికే అది ఎక్కువగా దాటిపోతుంది. నిర్దిష్ట స్థాయి వైకల్యం ఉన్నవారు సహాయ లేఖకుణ్ని, గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయాన్ని పొందవచ్చని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే పరీక్ష రోజు పొద్దున అడిగితే ఏర్పాటు కాదు, ముందుగానే దరఖాస్తు ఇవ్వాలి. హక్కు ఉండి కూడా దాని సంగతి తెలియక మౌనంగా రాసి వెళ్లిపోయే విద్యార్థి ఒక్కరున్నా అది ఆ విభాగం మొత్తానికి లోటే.

ఈ తీరంలో తేదీలను మార్చేసే శక్తి ఇంకొకటి ఉంది. మొదటి సెమిస్టర్ పరీక్షలు, బంగాళాఖాతపు తుపానులు దాదాపు ఒకే కాలంలో వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరంతో పాటు ఈ ప్రాంగణంలోనూ చెట్లు పెద్ద సంఖ్యలో కూలాయి, భవనాలు దెబ్బతిన్నాయి. కరెంటు, ఫోన్లు లేని అలాంటి రోజుల్లో పరీక్ష వాయిదా పడిందన్న కబురు చేరకపోతే, రోడ్డు తెగిన ఊరి నుంచి పిల్లలు ప్రాణాలకు తెగించి బయల్దేరతారు. కాబట్టి తుపాను హెచ్చరిక వెలువడగానే, గాలి పెరగకముందే వాయిదా ప్రకటన ఇవ్వాలి. హాస్టల్‌లో ఉండేవారు ఫోన్లు చార్జి చేసుకోవడం, నీళ్లు పట్టి పెట్టుకోవడం, గాలికి కిటికీలు బిగించడం, సముద్రం చూడటానికి బీచ్ రోడ్డుకు వెళ్లకపోవడం ప్రతి ఏటా గుర్తు చేయాల్సినవే. హుద్‌హుద్ చూసిన బ్యాచ్ ఎప్పుడో వెళ్లిపోయింది. ఇప్పుడు చదువుతున్నవారికి అది పెద్దలు చెప్పే కథ.

హాస్టళ్లలో సీటు కేటాయింపు, మెస్ డిపాజిట్, మెస్ బిల్లు అనే మూడింటి మీద ఏడాదంతా నడుస్తుంది. నెల మొత్తం ఖర్చును భోంచేసినవారి మధ్య పంచి బిల్లు వేస్తారు కనుక, ఊరెళ్లేటప్పుడు ముందుగా రాసి ఇచ్చి వెళితే ఆ రోజుల మెస్ తగ్గుతుంది. బకాయి పడినవారికి పరీక్షల వేళ నో డ్యూస్ దగ్గర చిక్కు వస్తుంది. ర్యాగింగ్ గురించి బోర్డులు ప్రతి ప్రవేశం దగ్గరా ఉంటాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే దీన్ని నేరంగా పరిగణించే చట్టం చేసింది. 2009 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ ప్రమాణపత్రం ఇవ్వాలి. 1800-180-5522 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, పేరు చెప్పక్కర్లేదు. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం కింద అంతర్గత కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు అనుమతించగలదు. ఈ గడువు సంగతి చాలామంది అమ్మాయిలకు తెలియదు. ధైర్యం కూడగట్టుకునేలోపు రోజులు గడిచిపోతాయి. కమిటీ సభ్యులెవరో, ఎక్కడ కూర్చుంటారో ప్రతి మహిళా హాస్టల్ గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి.

ప్రాంగణంలోనే ఆరోగ్య కేంద్రం ఉంది. విద్యార్థులూ సిబ్బందీ జ్వరానికి, చిన్న దెబ్బలకు అక్కడికే వెళతారు. మనసు బాగాలేనప్పుడు మాత్రం వెళ్లడానికి జంకుతారు. అలాంటివారికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ అక్కరకొస్తుంది. 14416కు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఫలితాలు వచ్చే వారంలో ఈ నంబరును ఫలితాల పక్కనే అంటించాలి. మార్కులు చూసుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరి కంటా పడుతుంది.

మాజీ వైస్ ఛాన్సలర్ వి.ఎస్. కృష్ణ పేరున్న కేంద్ర గ్రంథాలయం ఈ ప్రాంగణపు గుండె. ఉద్యోగ పరీక్షలకు చదివేవారు సొంత పుస్తకాలతో రీడింగ్ హాలుకు వస్తే, స్కాలర్లు పాత సంచికల మధ్య గడుపుతారు. స్కాలర్ల విషయంలో తేదీల బరువు ఇంకా ఎక్కువ. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. పునర్నమోదుతో ఇంకో రెండేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి దానిపైన మరో రెండేళ్ల గడువు ఉంది. మహిళా స్కాలర్లు పరిశోధన కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. అడగడానికి మొహమాటపడి చదువే వదిలేయాల్సిన పని లేదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) డబ్బు నెలనెలా రావాలంటే సంస్థ నెలనెలా ధ్రువీకరించాలి. విభాగం నుంచి ఆ కాగితం కదలకపోతే తర్వాతి నెల అద్దె కట్టడం కష్టం. థీసిస్ ఇచ్చేముందు సాఫ్ట్‌వేర్‌తో పోలికల తనిఖీ తప్పనిసరి. పది శాతం వరకు పోలికలకు శిక్ష లేదు. చివరి వారంలో కాక అధ్యాయం అధ్యాయంగా ముందే చూసుకుంటే రాత్రుళ్లు మేలుకోనక్కర్లేదు. విదేశీ విద్యార్థులకు ఇంకో గడువుంది. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చినవారు దిగిన 14 రోజుల్లోపు విదేశీయుల నమోదు కార్యాలయంలో నమోదు కావాలి.

సభల కాలెండర్ దీనంత కఠినం కాదు. సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం దినం. 1969లో మొదలైన ఆ పథకంలో చేరినవారు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి, పల్లెలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి వెళ్లాలి. నవంబరు 26న రాజ్యాంగ దినం, ఫిబ్రవరి 21న మాతృభాషా దినం, 28న సైన్స్ దినం. టీఎల్ఎన్ సభా హాలులో సదస్సులు, వైవీఎస్ మూర్తి ఆడిటోరియంలో ఇంజినీరింగ్ వారి కార్యక్రమాలు జరుగుతుంటాయి. వీటన్నిటిలో ఉత్తరాంధ్రకు దగ్గరిది ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. అది గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు. శ్రీకాకుళం గడ్డ మీద పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, జనం మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని జీవితమంతా పోరాడిన ఆ మనిషికి 1938లో కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది ఈ విశ్వవిద్యాలయమే. తెలుగునాట విశ్వవిద్యాలయాల సర్క్యులర్లు ఎక్కువగా ఇంగ్లిషులోనే వస్తున్నాయి. వాటి కింద నాలుగు వాక్యాలు వాడుక తెలుగులో ఉంటే, ఎవరికి, ఏ తేదీలోపు, ఏ కాగితాలతో, ఏ గదికి అన్నది తేలిపోతుంది. గిడుగు జయంతికి దండ వేయడం కంటే ఆ నాలుగు వాక్యాలు రాయడమే ఆయనకు అసలైన గౌరవం.

చదువు ముగించినవారికి మిగిలేది ప్రొవిజనల్, ఆ పైన ఒరిజినల్ డిగ్రీ. స్నాతకోత్సవ ప్రకటన వచ్చినప్పుడు సభకు హాజరై పట్టా అందుకుంటారో, హాజరు కాకుండా పోస్టులో తెప్పించుకుంటారో దరఖాస్తులో చెప్పాలి. పోస్టులో అయితే ఏళ్ల తరబడి మారని చిరునామా, అంటే సొంత ఊరిదే ఇవ్వడం మేలు. గ్రంథాలయం, హాస్టల్, ప్రయోగశాల, విభాగం నో డ్యూస్‌లు ఊరు విడిచేముందే చేతికి తీసుకోవాలి. ఉద్యోగం మొదటి వారంలో సెలవు పెట్టి వాటి కోసం తిరిగి రావడం పేదింటి బిడ్డకు ఖరీదైన ప్రయాణం. డిగ్రీ పొంది మూడేళ్లు దాటినవారికి ఇంకో హక్కు వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పట్టభద్రుల స్థానం నుంచి శాసనమండలి సభ్యుణ్ని ఎన్నుకునేందుకు వారు ఫారం 18 పూర్తి చేసి ఓటరుగా నమోదు కావచ్చు. ఆ జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు కనుక, గతంలో ఓటు వేసినవారు కూడా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.